రాయితీ సొమ్ము ఎవరి పేరున వచ్చింది? జాబితా అడిగి చదవడం నేర్చుకుందాం



ఘన జీవామృతం ఎలా కలపాలి, నవధాన్యాలు ఎన్ని రోజులకు కలియదున్నాలి అని ఇన్నాళ్లూ మాట్లాడుకున్నాం. ఈసారి పాఠం పొలం బయటది. మన పేరు మీద, మన ఊరి పేరు మీద ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఎవరికి చేరిందో మనమే చూసుకోవడం ఎలా అన్నది. ఫోన్‌లో చూపించగలిగినంత పై వీడియోలో చూపించాను. చట్టం, లెక్కలు, దరఖాస్తు రాసే పద్ధతి వీడియోలో ఒకసారి విని గుర్తుపెట్టుకునేవి కావు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

"నా ఖాతాలో రెండు వేలు పడ్డాయి, నాకది చాలు, పక్కాయన సంగతి నాకెందుకు?" అని చాలామంది అంటారు. మామూలు రైతు ఆ మాట అంటే కొంతవరకు ఒప్పుకోవచ్చు. ప్రకృతి వ్యవసాయం చేసే మనం అనడానికి లేదు. మనకు వచ్చే సాయం చాలావరకు ఒక్కొక్కరికి విడిగా రాదు, క్లస్టర్‌కు వస్తుంది. పీజీఎస్ సర్టిఫికెట్ కూడా గ్రూపు మీదే నడుస్తుంది. ఒకరి పొలాన్ని ఇంకొకరు చూసి సంతకం పెడితేనే అది నిలబడేది. గ్రూపు జాబితాలో పొలం లేని పేరు ఒకటి ఉంటే, ఆ పేరు పక్కన మన సంతకం కూడా ఉన్నట్టే.

చట్టం ఏమంటోంది?

సమాచార హక్కు చట్టం అనగానే దరఖాస్తు పెట్టి అడిగేదే అనుకుంటాం. ఆ చట్టంలో అంతకంటే ముందు వచ్చేది సెక్షన్ 4. ఎవరూ అడగకుండానే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను బయటపెట్టాల్సిన విషయాలు అందులో ఉన్నాయి. 4(1)(బి) కింద 12వ అంశం ఏమిటంటే రాయితీ పథకాలు ఎలా అమలు చేస్తున్నారు, ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు అన్నది. అంటే లబ్ధిదారుల జాబితా చూపించడం ఆఫీసరుగారు మనమీద దయతో చేసే పని కాదు. 2005 నుంచీ అది వాళ్ల విధి. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: సమాచారాన్ని స్థానిక భాషలో, జనానికి అందేలా ఇవ్వాలి.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా అనే ఊళ్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు జనసున్వాయీ పెట్టారు. ఊరి పనుల మస్టర్ రోల్స్, బిల్లులు జనం ముందు గట్టిగా చదివారు. చదువు రానివాళ్లు కూడా విన్నారు. "నేను ఆ పనికే పోలేదు, నా పేరెట్లా వచ్చింది?" అని అప్పుడు లేచారు. ఆ తర్వాత మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలుపెట్టి, దేశంలో మిగతా రాష్ట్రాలు వచ్చి చూసే స్థాయికి తీసుకెళ్లింది. గ్రామసభలో పేరుపేరునా చదవడమే దాని ప్రాణం. కంప్యూటర్ ఆధార్ నంబరు కుదిరిందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఆ పేరున్న మనిషి పొలం చేస్తున్నాడా, బెంగళూరులో ఉన్నాడా అన్నది ఊరికే తెలుసు.

పీఎం కిసాన్ జాబితాతో మొదలుపెట్టండి

అన్నిటికంటే సులువుగా దొరికేది ఇదే. పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో బెనిఫిషియరీ లిస్ట్ అన్న చోట రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే ఊరివారీగా పేర్లు వస్తాయి. లాగిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. సొంత స్టేటస్ చూసుకోవడానికే ఓటీపీ కావాలి.

చదివే ముందు ఎవరు అర్హులో తెలియాలి, లేకపోతే అనవసరంగా తగాదా పడతాం. ఈ పథకం భూమి పేరున ఉన్నవాళ్లకు. భార్య, భర్త, మైనర్ పిల్లలు కలిపి ఒక కుటుంబం, కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో. ఆదాయపు పన్ను కట్టినవాళ్లకు, ప్రభుత్వ ఉద్యోగులకు (నాలుగో తరగతి వాళ్లు మినహా), నెలకు 10,000 అంతకుమించి పింఛను వచ్చేవాళ్లకు, ప్రాక్టీసు చేసే డాక్టర్లకు, లాయర్లకు, ఇంజినీర్లకు, చార్టర్డ్ అకౌంటెంట్లకు రాదు. హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్లో భూమి కౌలుకిచ్చిన ఆసామి పేరు జాబితాలో కనిపిస్తే మనకు కడుపు మండుతుంది. కానీ పై కారణాలేవీ లేకపోతే అతను నిబంధన ప్రకారం అర్హుడే. అక్కడ తప్పు మనిషిది కాదు, పథకాన్ని భూమి కాగితానికి కట్టేసిన నిబంధనది. ఈ తేడా గుర్తుపెట్టుకోకపోతే ఊళ్లో కొట్లాటలే మిగులుతాయి.

అనర్హులు ఎంతమంది చేరారో కూడా సమాచార హక్కుతోనే బయటికొచ్చింది. కామన్వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్‌కు చెందిన వెంకటేశ్ నాయక్ అడిగితే కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన జవాబు 2021 జనవరిలో పత్రికల్లో వచ్చింది. 20 లక్షల 48 వేల మంది అనర్హులకు 1,364 కోట్లు వెళ్లాయి. వాళ్లలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లు. అంతకు ముందు 2020లో తమిళనాడులో ఇంకో రకం మోసం బయటపడింది. అధికారుల పాస్‌వర్డులు బయటివాళ్ల చేతికి పోయి, కంప్యూటర్ సెంటర్ల నుంచి పేర్లు ఎక్కించేశారు. 5 లక్షలకు పైగా అనర్హులు, సుమారు 110 కోట్లు. ఒక ఊరి జాబితాలో ఆ ఊళ్లో ఎవరూ ఎరగని పేర్లు గుంపుగా వచ్చి చేరితే, జాబితా చదివే అలవాటున్న ఊరు మొదటి విడతకే కనిపెట్టేది. చదవని ఊరికి వసూళ్ల నోటీసు వచ్చినప్పుడే తెలుస్తుంది.

రాష్ట్ర పథకాల సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో జాబితా అంటిస్తారు. అంటించిన రోజే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, వారం తర్వాత ఆ కాగితం ఉండదు. తెలంగాణలో లెక్క ఎకరాలను బట్టి కాబట్టి పేరొక్కటే చూస్తే లాభం లేదు, పేరు పక్కన విస్తీర్ణం కూడా చూడాలి. రైతుబంధు ఎకరానికి సీజనుకు 5,000 ఉన్నప్పుడు దానికి పరిమితి లేదు. రెండెకరాల వాళ్లకు ఏడాదికి 20,000 అయితే యాభై ఎకరాల వాళ్లకు 5 లక్షలు. రెండూ జాబితాలో ఒక్కో వరుసే.

క్లస్టర్ జాబితా: మన అసలు పాఠం

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, పెన్ను పట్టుకుని.

పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద హెక్టారుకు మూడేళ్లకు 31,500 రూపాయలు. అందులో 15,000 సేంద్రియ ఉత్పాదకాల కోసం రైతు ఖాతాకు నేరుగా రావాలి. 9,000 శిక్షణకు, 4,500 మార్కెటింగ్, ప్యాకింగ్, బ్రాండింగ్‌కు, 3,000 సర్టిఫికేషన్, అవశేషాల పరీక్షలకు. ఇప్పుడు 20 హెక్టార్ల క్లస్టర్ తీసుకుందాం. మూడేళ్లకు మొత్తం 6 లక్షల 30 వేలు. రైతుల ఖాతాలకు 3 లక్షలు. శిక్షణకు లక్షా 80 వేలు, మార్కెటింగ్‌కు 90 వేలు, సర్టిఫికేషన్‌కు 60 వేలు.

రైతుకు వచ్చే వాటా ఎకరానికి ఏడాదికి సుమారు రెండు వేలే. మన వాళ్లు ఆ రెండు వేలు వచ్చాయా లేదా అనే అడుగుతారు. సగానికి పైన, అంటే 3 లక్షల 30 వేలు, రైతు ఖాతా ముఖమే చూడదు. మన పేర్లు చూపించి మన తరఫున ఖర్చయ్యే డబ్బు అది. శిక్షణ ఎన్ని రోజులు జరిగింది, హాజరు పట్టీలో ఎవరి సంతకాలున్నాయి, అవశేషాల పరీక్షకు ఏ పొలం నుంచి నమూనా తీశారు, రిపోర్టు ఎక్కడుంది అని అడిగిన గ్రూపులు నాకు తెలిసి చాలా తక్కువ. లబ్ధిదారుల జాబితా అంటే రైతు పేర్లు మాత్రమే కాదండీ. శిక్షణ ఇచ్చినందుకు, సంచులు అచ్చు వేసినందుకు డబ్బు అందుకున్న సంస్థ పేరు కూడా అందులో భాగంగానే అడగాలి. చిన్న రైతు పేరు గోడకెక్కి, లక్షలు తీసుకున్న సర్వీస్ ప్రొవైడర్ పేరు ఫైల్లో ఉండిపోతే దాన్ని పారదర్శకత అనలేం.

కొత్తగా వచ్చినది జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్. 2024 నవంబరు 25న కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది, మొత్తం 2,481 కోట్లు. 50 హెక్టార్లకు ఒక క్లస్టర్, ఒక్కో క్లస్టర్‌కు ఇద్దరు కృషి సఖులు. ఎకరానికి ఏడాదికి 4,000 చొప్పున రెండేళ్లు ప్రోత్సాహకం, ఒక్కో రైతుకు ఎకరం వరకు. 50 హెక్టార్లంటే సుమారు 125 ఎకరాలు, 125 పేర్లు, ఏడాదికి 5 లక్షలు. ఒక ఊళ్లో నిజంగా జీవామృతం వాడేవాళ్లు నలభై మంది ఉంటే, 125 పేర్లు ఎలా నిండుతాయి? ఇదే నాకున్న భయం. టార్గెట్ కోసం పేర్లు నింపితే డబ్బు పోవడం ఒక్కటే కాదు. రేపు ఆ 125లో ఎవరి పంటలోనో పురుగుమందు అవశేషం బయటపడితే, "ప్రకృతి వ్యవసాయం అంతా కాగితాల మీదే" అన్న మాట నిజంగా చేసిన నలభై మందికీ తగులుతుంది. వాళ్ల బియ్యం, వాళ్ల పప్పు కొనే కస్టమర్ పోతాడు. నేను సరుకు అమ్ముకుని బతికేవాడిని, ఆ నష్టం ఎంత ఉంటుందో నాకు తెలుసు.

ఒక ఊళ్లో శిక్షణకు వెళ్లినప్పుడు సాయంత్రం రామాలయం అరుగు మీద గ్రూపు జాబితా చదివించాం. యాభై పేర్లు. ఒకాయన చనిపోయి రెండేళ్లు. ఇద్దరు ఊరు వదిలి వెళ్లారు. తొమ్మిది పేర్ల ఎదుట ఒకటే ఫోన్ నంబరు. అది పేర్లు ఎక్కించిన కుర్రాడి నంబరేనట, చాలామందికి ఫోన్ లేకపోతే తనది రాశాడు. అందులో దురుద్దేశం లేదు, కానీ ఆ తొమ్మిది మందికి వచ్చే మెసేజీలన్నీ అతనికే పోతున్నాయి. ఇంకో పేరు దగ్గర మాత్రం అందరూ "ఈవిడెవరో మాకు తెలీదు, దొంగ పేరు" అన్నారు. వెనకాల కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి "అది మా కోడలే నాయనా, మీరంతా బుజ్జి అని పిలుస్తారు గదా" అంది. ఆధార్‌లో ఉన్న పేరు ఊరికే తెలీదు! అందుకే జాబితాను వాట్సాప్ గ్రూపులో పడేసి "వీళ్లంతా దొంగలు" అని రాయకూడదు. పదిమంది కూర్చుని చదవాలి, అనుమానం వచ్చిన పేరు గలవాళ్లను ముందు అడగాలి, ఆ తర్వాతే కాగితం రాయాలి.

కౌలు రైతుల విషయం ఇక్కడే చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం (సీసీఆర్‌సీ) ఉంది, 11 నెలలు చెల్లుతుంది, కానీ భూ యజమాని ఒప్పుకుంటేనే వస్తుంది. కౌలు భూమిలో ఎకరాకు నాలుగు వందల కిలోల ఘన జీవామృతం వేసి మట్టిని బాగుచేసేది ఒకరు, జాబితాలో పేరు ఇంకొకరిది. గ్రూపు జాబితా చదివేటప్పుడు ప్రతి పేరు పక్కన "సాగు చేసేది ఎవరు?" అని ఒక గడి గీసి మనమే నింపుకోండి. దానికి చట్టబలం లేదు. కానీ గ్రామసభ తీర్మానానికి, మండల అధికారికి ఇచ్చే వినతికి అంతకంటే మంచి ఆధారం ఉండదు.

యూరియా సంగతి మనకెందుకు?

ఎందుకో చెప్తాను. పీఎం కిసాన్‌కు కేంద్రం ఏడాదికి సుమారు 60,000 కోట్లు పెడుతోంది. ఎరువుల రాయితీ 2022-23లో దాదాపు రెండున్నర లక్షల కోట్లు. ఆ సొమ్ము రైతు ఖాతాకు రాదు, కంపెనీకి వెళుతుంది. 2018 నుంచి దుకాణంలో పీఓఎస్ మిషన్ మీద అమ్మకం నమోదైతేనే కంపెనీకి రాయితీ. మనం బస్తా కొనం కాబట్టి ఆ రాయితీలో మన వాటా సున్నా. అది వేరే చర్చ.

ఇప్పుడు చెప్పదలచుకున్నది, మన ఆధార్ మీద ఎవరైనా బస్తాలు రాశారా అన్నది. ఒకే వ్యక్తి పేరున వందల బస్తాలు అమ్మినట్టు మిషన్లలో కనిపించడంతో, జిల్లాల వారీగా అత్యధికంగా యూరియా కొన్న 20 మంది పేర్లు తీసి విచారించమని కేంద్రం రాష్ట్రాలను ఆదేశించింది. సర్టిఫికెట్ ఉన్న రైతు పేరున యూరియా కొనుగోలు నమోదై ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. పొలంలో గింజ కూడా వేయకపోయినా కాగితం మనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. పాత ఎరువుల దుకాణంలో ఎప్పుడో ఇచ్చిన ఆధార్ జిరాక్స్ ఉండిపోయిందా? మీ పేరున ఏ తేదీన ఎన్ని బస్తాల అమ్మకం నమోదైందో మండల వ్యవసాయాధికారిని రాతపూర్వకంగా అడగండి. అది మీ సొంత సమాచారం.

పేర్లు బయటపెడితే గోప్యత పోదా?

న్యాయమైన ప్రశ్నే. పేరు, ఊరు, విస్తీర్ణం, మొత్తం చూపించడం వేరు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు చూపించడం వేరు. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఇచ్చిన నివేదిక ప్రకారం నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బహిరంగంగా ఉన్నాయి. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి. జాబితా పెట్టడం మంచిదే, కానీ అందులో ఏ గడులుండాలో తెలియకుండా పెట్టారు.

యూరప్‌లోనూ ఈ గొడవ జరిగింది. అక్కడ యూరోపియన్ యూనియన్ ఇచ్చే వ్యవసాయ రాయితీలు అందుకున్న అందరి పేర్లూ ఇంటర్నెట్లో పెట్టేవాళ్లు. జర్మనీలోని హెస్సె రాష్ట్రం రైతులు కోర్టుకెళ్లారు. 2010 నవంబరు 9న అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఎంత మొత్తం, ఎంతకాలం అన్న తేడా చూడకుండా వ్యక్తుల పేర్లన్నీ పెట్టడం హద్దు దాటడమేనని తీర్పిచ్చింది. కంపెనీల పేర్లు పెట్టడాన్ని తప్పుపట్టలేదు. దాంతో 2013లో కొత్త నిబంధన తెచ్చారు. ఏడాదికి 1,250 యూరోల లోపు చిన్న రాయితీ తీసుకునేవాళ్ల పేర్లు దాచి, అంతకుమించితే పేరుతో సహా పెడుతున్నారు. పెద్ద మొత్తం తీసుకున్నవాళ్లు ఎక్కువ జవాబు చెప్పాలన్నది నాకు నచ్చిన సూత్రం.

మన దగ్గర ఇప్పుడు గాలి ఇంకోవైపు వీస్తోంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)లో ఇంతకుముందు, వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని ఉండేది. 2023 డేటా రక్షణ చట్టం దాన్ని మార్చింది, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఆ క్లాజు "వ్యక్తిగత సమాచారం" అన్న రెండు మాటలతో ఆగిపోతుంది. "లబ్ధిదారుల పేర్లు వ్యక్తిగతం, ఇవ్వం" అని జవాబు రావచ్చు. వస్తే రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. సెక్షన్ 4(1)(బి)లోని 12వ అంశాన్ని ఆ సవరణ ముట్టుకోలేదు. సెక్షన్ 8(2) కూడా అలాగే ఉంది: వెల్లడించడం వల్ల కలిగే ప్రజాప్రయోజనం హాని కంటే ఎక్కువైతే ఇవ్వొచ్చు. ఈ రెండు సెక్షన్లూ దరఖాస్తులోనే రాసేయండి.

దరఖాస్తు ఎలా రాయాలి

తెల్లకాగితం చాలు. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ పెడితే ఆ రుసుమూ అక్కర్లేదు. "పౌర సమాచార అధికారి, మండల వ్యవసాయాధికారి కార్యాలయం" అని రాసి, కింద ఇలా అడగండి:

"సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద, సెక్షన్ 4(1)(బి) 12వ అంశాన్ని అనుసరించి, మా గ్రామంలోని ప్రకృతి వ్యవసాయ క్లస్టర్‌లో నమోదైన రైతుల పేర్లు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఏడాదివారీగా ఒక్కొక్కరికి జమ చేసిన మొత్తం, జమ చేసిన తేదీ తెలుపగలరు. శిక్షణ, సర్టిఫికేషన్, మార్కెటింగ్ కింద చెల్లించిన మొత్తాలు, అందుకున్న సంస్థల పేర్లు, బిల్లుల నకళ్లు ఇవ్వగలరు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు మాకు అవసరం లేదు."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. తిరస్కరించడానికి సగం సాకు అక్కడే పోతుంది. "ఎందుకు అక్రమాలు జరిగాయి?" లాంటి ప్రశ్నలు రాయొద్దు, ఉన్న కాగితాన్నే అడగాలి. ఆ ఆఫీసులో లేని సమాచారమైతే ఉన్న ఆఫీసుకు ఐదు రోజుల్లో వాళ్లే పంపాలి. పేజీలు ఎక్కువవుతాయనుకుంటే రికార్డులు చూసుకునే అవకాశం అడగండి, మొదటి గంట ఉచితం, ఇద్దరు వెళ్లి నోట్ చేసుకుంటే సరిపోతుంది. జవాబుకు 30 రోజులు. రాకపోయినా, సగమే వచ్చినా 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా పని జరగకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండోది.

ఒక్కరి పేరున కాకుండా గ్రూపులో ఇద్దరు ముగ్గురు విడివిడిగా పెట్టండి. ఒక్కడే పెడితే "వీడికేం పని" అంటారు, నలుగురు పెడితే ఆ మాట రాదు. ఇవ్వడానికి వెళ్లేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి.